అమ్మ పళ్ళెం

“రొట్టె తిన్నారు సరే, పళ్ళెం కూడా నమిలి మింగేశారేమో!” అంది ఆల్బీనా, కోటు కూడా విప్పకుండానే.

ఆదివారం ప్రార్థన అయిపోయి, యూరప్‌లోని స్లోవేనియా నుంచి వలసొచ్చినవాళ్ళు కట్టుకున్న హాల్లో కాఫీలు నడుస్తున్నాయి. కాసేపట్లో కమిటీ కూర్చోవాలి. పేటలో కొత్తగా చేరిన మంగోలియా వాళ్ళు తమ కొత్త సంవత్సరం పండక్కి హాలు అద్దెకడిగారు. డెన్వర్ అంతా తిరిగినా వాళ్ళకి అందుబాటులో ఇంకో చోటు దొరకలేదట. ఇవ్వడమా మానడమా అన్నది ఇవాళ తేలాలి. ఓటుకి చేతులెత్తేవాళ్ళు చాలామందే ఉన్నా, ముందు అందరూ చూసేది ఆల్బీనా చెయ్యి వంకే.

“ఏ పళ్ళెమే?” అంది మిచ్కా. ఆల్బీనాకి చిన్ననాటి స్నేహితురాలు.

“అమ్మదే! నీలం పువ్వులది. క్రిస్మస్‌కి అక్రోట్ల రొట్టె చేసి ఎదురింటి మంగోలియా పిల్ల సరన్‌తుయాకి అందులో పెట్టిచ్చాను. ఫిబ్రవరి వచ్చింది. నేను గుమ్మంలో కనబడితే చాలు, తలొంచుకుని లోపలికి పోతుంది. పళ్ళెం ఊసే లేదు.”

“మీ అమ్మ దాన్ని గడప దాటనిచ్చేది కాదు కదే! ఇక్కడి విందులక్కూడా ఎప్పుడూ తేలేదు.”

“అదే నా ఏడుపు. దాని అడుగున తన పేరు రాసి గుడ్డపట్టీ అంటించుకుంది. అమ్మ పోయాక కూడా నేను ఆ పట్టీ మీద చెయ్యి వెయ్యలేదు.”

“బయటికే రాని పళ్ళేనికి పేరెందుకూ?”

“అమ్మ జాగ్రత్త అలాంటిది మరి!”

కమిటీ కూర్చుంది. అధ్యక్షుడు రూడీ ఆల్బీనాకి మేనల్లుడు. “అత్తా, నువ్వేమంటావు?” అనడమే ఆలస్యం, ఆవిడ లేచి నిలబడింది. చివరి వరసలో మంగోలియా వాళ్ళ తరఫున సరన్‌తుయా, ఒళ్ళో సంచీ పెట్టుకుని కూర్చుని ఉంది. ఆల్బీనా చూసింది. చూసే మాట్లాడింది.

“మనవాళ్ళు వచ్చినప్పుడు చేతిలో ఏముంది? ఒక్కో గదిలో ఎనిమిదేసి మంది. పగలు పనిచేసొచ్చినవాడు పడుకోవాలంటే రాత్రి షిఫ్టువాడు లేవాలి. ఇద్దరికీ ఒకటే పక్క. కొలిమిలో ఊపిరితిత్తులు మాడ్చుకుని ఈ హాలు కట్టారు. వీళ్ళో? చదువుకుని వచ్చారు, విమానమెక్కి వచ్చారు. అక్కడ ఇంజనీర్లట, ఇక్కడ హోటల్ పక్కలు దులుపుతున్నారు. పేదరికం వాళ్ళకీ ఉంది, మనకీ ఉండేది. తేడా పౌరుషంలో ఉంది!”

“అత్తా, కాస్త నెమ్మదిగా…”

“ఉండరా! అప్పట్లో మూల మీద కొట్టు హార్ట్‌మన్ గారిది. వాళ్ళావిడ ఎదురైతే మా అమ్మ రోడ్డు దాటి అవతలి పక్క నడిచేది. కలిగినవాళ్ళ దగ్గర తల వంచని మనిషి! పరాయివాళ్ళ చెంచా ఒక్కటి మా ఇంట్లో ఉండేది కాదు. మరి వీళ్ళు? ఇచ్చిన పళ్ళెం తిరిగివ్వనివాళ్ళు రేపు హాలు తాళం తిరిగిస్తారా?”

ఒకరిద్దరు నవ్వారు. మిచ్కా నవ్వలేదు.

సరన్‌తుయా లేచింది. ముందుకొచ్చి సంచీలోంచి నీలం పట్టుగుడ్డ తీసి రెండు చేతుల మీదా పరిచింది. దాని మీద పళ్ళెం. పళ్ళెం నిండా ఆవిరి మీద ఉడికించిన మాంసం కుడుములు.

“తప్పు నాదే అవ్వా,” అంది. “మాలో ఎవరి గిన్నె అయినా ఖాళీగా తిరిగివ్వకూడదు. మా ఆయన లారీ డిసెంబర్లో ఆగిపోయింది. ఇంట్లో ఉత్త పిండి తప్ప ఏమీ లేదు. అంత మంచి రొట్టె ఇచ్చారు, బదులేం పెట్టను? సిగ్గేసి మీ ఎదుటపడలేకపోయాను. మొన్ననే లోడు దొరికింది. పొద్దున్నే లేచి వండాను.”

ఆల్బీనాకి తల కొట్టేసినట్టయింది. అన్న మాటలన్నీ ఒక్కొక్కటే వెనక్కొచ్చి చెవుల్లో పడుతుంటే, భూమి చీలి లోపలికి పోతే బాగుండుననిపించింది. పట్టుగుడ్డతో సహా పళ్ళెం అందుకుంది.

సరన్‌తుయా దగ్గరగా వచ్చి గొంతు తగ్గించింది. “తోముతుంటే పట్టీ ఊడొచ్చిందవ్వా. ఆరబెట్టి ఈ పట్టుగుడ్డ కొసలో ముడేశాను. ఇక్కడ పళ్ళెం తిప్పకండి. ఇంటికెళ్ళి తలుపేసుకుని మీరే అంటించుకోండి.”

కుడుములు పడిపోతాయని చెబుతోంది కాబోలనుకుంది ఆల్బీనా.

“అత్తా, మరి హాలు సంగతి?” అన్నాడు రూడీ.

ఆవిడ చెయ్యెత్తింది. “ఇచ్చెయ్యరా. మా అమ్మ బతికుంటే ఇవాళ నా మొహం చూసేది కాదు.”

ఇంటికొచ్చి, నిలబడే ఒక కుడుము కొరికింది. రుచిగానే ఉంది. మిగతావి గిన్నెలోకి మార్చి, పళ్ళెం కడిగి తుడిచింది. పట్టుగుడ్డ ముడి విప్పి అమ్మ పేరున్న పట్టీ తీసింది. సొరుగులోంచి జిగురు తెచ్చుకుని, కళ్ళద్దాలు పెట్టుకుని, పళ్ళెం బోర్లించింది.

పట్టీ ఉండే చోట, ఎర్ర రంగుతో, ‘హార్ట్‌మన్’ అని రాసి ఉంది.