కంటికి ఆనని ఎంజైమ్

"ఇందులో ఏమీ లేదు సార్. అందినట్టు నేను సంతకం పెట్టను," అంటూ స్టోర్ ఇన్‌ఛార్జి వేలెడంత గాజు గొట్టాన్ని బల్ల మీద పెట్టేసింది.

సీనియర్ సైంటిస్టుకి ఒళ్లు మండింది. "లేకపోవడమేంటమ్మా? చీటీ మీద అంత స్పష్టంగా రాసుంటే! మనిషి ఎంజైమ్ అది."

"మనిషిదా? ఎవరి ఒంట్లోంచి తీశారు సార్?"

"ఎవరినీ ముట్టుకోలేదు. మనిషి జన్యువుని బాక్టీరియాలో పెట్టి, దాని చేత ఈ ఎంజైమ్ ప్రోటీన్‌ని తయారుచేయించారు. మా ప్రయోగాలకి."

"చేయించారు, బాగానే ఉంది. పంపించారా అని అడుగుతున్నా."

పక్కనే ఉన్న ఇద్దరు రీసెర్చ్ విద్యార్థులు కిసుక్కుమనబోయి, ఆయన ముఖం చూసి దగ్గేశారు.

సైంటిస్టు లేని ఓపిక తెచ్చుకున్నాడు. "చూడమ్మా, ప్రోటీన్‌ని గడ్డకట్టించి ఎండబెడతారు. నలుసులో నలుసంత ఉంటుంది. గొట్టం గోడకి అంటుకుపోతుంది, కంటికి ఆనదు. చదువుకున్నవాళ్లం, మాకు తెలుస్తుంది."

"మా అత్తగారూ ఇంతే సార్. ఖాళీ డబ్బా చేతికిచ్చి, అడుగున పంచదార ఉంది సరిగ్గా చూడమంటుంది."

ఆయన గొట్టాన్ని విద్యార్థుల ముందుకి తోశాడు. "మీరు చెప్పండి. ఉందా, లేదా?"

అబ్బాయి దాన్ని లైటుకెత్తి, ఒక కన్ను మూసి చూశాడు. "ఉంది సార్. పల్చగా తెల్లటి పొర."

"నాకైతే మెరుస్తోంది కూడా సార్," అంది అమ్మాయి. ఆమె థీసిస్ ఇంకా సంతకం కాకుండా ఆయన బల్ల మీదే ఉంది మరి.

"విన్నారుగా? గొట్టం ఖాళీ అని పొద్దున మీరు కంపెనీకి పంపిన ఫిర్యాదు వెనక్కి తీసుకుని, సంతకం పెట్టండి. లేదంటే, ఈవిడ స్టోరుకి పనికిరాదని డైరెక్టర్‌గారికి ఇప్పుడే రాస్తాను."

ఆమె స్టోరుకి కొత్త. చేరి నెల కూడా కాలేదు, ఉద్యోగం ఇంకా పర్మనెంట్ కాలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. పెన్ను తీసి రసీదు కాగితం మీద ఆనించింది. మళ్లీ గొట్టం వంక చూసింది.

"క్షమించండి సార్. లేనిది ఉందని రాయడానికి చెయ్యి రావడం లేదు," అని పెన్ను మూత పెట్టేసింది.

అప్పుడే ఫోన్ మోగింది. కంపెనీ నుంచి.

"స్పీకర్ పెట్టండి. మీకు వాళ్లే గడ్డి పెడతారు," అన్నాడు సైంటిస్టు హుషారుగా.

"మీకు వెయ్యి నమస్కారాలమ్మా!" అన్నాడు అవతలి మేనేజరు. "మీ ఫిర్యాదు చూసి మెషీన్ విప్పాం. పోయిన వారం, గొట్టాల్లో ప్రోటీన్ పోసే సూది మూసుకుపోయిందట. నలభై ల్యాబులకి ఖాళీ గొట్టాలే వెళ్లాయి. మీకు కొత్తది ఇవాళే పంపిస్తున్నాం."

ఆమె కళ్లు తుడుచుకుని పకపకా నవ్వేసింది. "అయ్యో పాపం, మరి మిగతా ముప్పై తొమ్మిది మందీ మిమ్మల్ని ఎంత తిట్టారో!"

"తిట్టడమా? ఎంజైమ్ బ్రహ్మాండంగా పనిచేసిందని మెచ్చుకుంటూ రిపోర్టులు పంపారమ్మా!"