ఊపిరి చప్పుడు

పదో తరగతి పరీక్షలు అయిపోయినంక, మేళ్లచెరువుల డాక్టర్ దశరథ పక్కన పది రోజులు కూసోని పని నేర్చుకునే అవకాశం సింధూజకు దొరికింది. బీపీ ఎట్ల చూస్తరో, నాడి ఎట్ల పడుతరో చూసింది. స్టెతస్కోపుతోని ఊపిరి వినుడు డాక్టరే దగ్గరుండి నేర్పిండు.

"ఇయ్యాల ఏం నేర్చినవ్ బిడ్డా?" అని బాపు రోజూ అడుగుతుండె. ఆమె సంబురంగ చెప్తుండె.

ఆఖరి రోజు బాపు ఆమెను తోలుకపోదామని దవాఖానకు వచ్చిండు. రోగులు ఎవ్వరూ లేరు.

"మీ బాపు ఊపిరి విను," అన్నడు డాక్టర్.

సింధూజ నవ్వుకుంట స్టెతస్కోపు చెవులకు పెట్టుకున్నది.

"బాపూ, గట్టిగ ఊపిరి పీల్చు."

ఎండుటాకుల మీద నడిచినట్టు కరకరమన్నది. ఈ పది రోజులల్ల ఎవ్వరి ఊపిరిల గూడ ఆమె గసొంటి చప్పుడు వినలేదు. జాగ మార్చి వీపు మీద పెట్టింది. ఆడ గూడ గట్లనే ఉన్నది. నవ్వు ఆగిపోయింది.

"సార్, గిదేంది?"

"ఊపిరితిత్తులు గట్టిపడుతున్నయమ్మా. మందులు ఇస్తున్న గని ఆగుతలేదు."

"ఎప్పటి సంది?"

డాక్టర్ బాపు దిక్కు చూసిండు. బాపు తల వంచుకోని అంగీ గుండీలు పెట్టుకుంటున్నడు.

"ఏడాదాయె బిడ్డా. నీకు చెప్దామని ఎన్నిసార్లో పక్కన కూసున్న, నోరు రాలే. అందుకే నిన్ను జర ఈడ కూసోబెట్టుకోని, ఊపిరి వినుడు నేర్పుమని సారును నేనే బతిమిలాడిన."