ఒక మెట్టు కింద

"అమ్మో! చాలు, వదలమ్మా! చెయ్యి ఊడొచ్చేలా ఉంది."

ఫిజియోథెరపీ చేస్తున్న శ్రీలత చెయ్యి వదిలేసింది.

ఉదయశ్రీ కళ్లు తుడుచుకుని ఎడమచేత్తో బ్యాగు అందుకుంది. కుడి భుజం బిగుసుకుపోయి నెలలైంది. జడ వేసుకోలేదు, కారులో సీటు బెల్టు లాక్కోలేదు.

"ఇగ రేపు వస్తరా మేడం?"

"రాను. నా వల్ల కాదు."

బిళ్లలు మింగింది. అత్తగారి నువ్వులనూనె మర్దనా అయింది. భుజంలోకి ఇంజెక్షన్ చేయించుకుంటే నొప్పి కాస్త తగ్గింది గానీ షుగరు చుక్కల్లోకెక్కి కూర్చుంది. ఈ వ్యాయామం కూడా కుదరకపోతే మత్తిచ్చి భుజం వదులు చేస్తామన్నాడు డాక్టరు. మత్తంటేనే ఆవిడకి హడల్.

అయినా సరే, తలుపు దాకా నడిచింది.

"మంచి పని చేశారండి," అన్నాడు బెంచీ మీదున్నాయన. "ఇక ఇక్కడ నేనే ఫస్టు."

ఉదయశ్రీ ఆగింది. యాభై దాటిన మనిషి, గళ్ల చొక్కా, ముఖం నిండా నవ్వు.

"మీరెవరు?"

"బుల్లిబాబంటారండి. నాదీ భుజమేనండి. ఆ నిచ్చెన మీద మీకంటే ఒక మెట్టు పైనున్నానండి, ఆయ్!"

గోడకున్న చిన్న చెక్కనిచ్చెన అది. వేళ్లతో ఒక్కో మెట్టూ పాకించుకుంటూ చేతిని పైకి తీసుకెళ్లాలి.

ఉదయశ్రీది కడప. హైటెక్ సిటీలో ఓ టీముకి లీడు. క్యారమ్స్‌లో కన్నకొడుకు చేతిలో కూడా ఓడిపోని మనిషి. ఎవరో గళ్ల చొక్కాయన చేతిలో ఓడిపోతుందా?

బ్యాగు కింద పడేసి, పళ్లు బిగబట్టి వేళ్లు పాకించింది. ఆయన మెట్టు దాటాకే ఆగింది.

"అయ్యబాబోయ్!" అన్నాడు బుల్లిబాబు. "రేపు చూస్తానండి మీ సంగతి."

మర్నాడు ఆఫీసుకంటే ముందు ఆవిడ వెళ్లింది అక్కడికే.

ఇక రోజూ అదే గోల. ఈవిడ ఒక మెట్టెక్కితే ఆయన మూలుగుతూ, చెమటలు తుడుచుకుంటూ ఆ కింది మెట్టు దాకా వచ్చి ఆగిపోయేవాడు.

"వచ్చేస్తున్నానండీ, కాసుకోండి!"

"ఈ జన్మలో రాలేరు, పోండి సార్!"

మధ్యలో ఒకసారి ఆవిడకి నొప్పి తిరగబెట్టింది. వేళ్లు బాగా కిందికి జారాయి. ఆ రోజు ఆయనా జారాడు.

"ముసురు పట్టింది కదండీ, నాకూ సలుపుతోందండి," అన్నాడు.

"ఫికర్ చెయ్యకుండ్రి," అంది శ్రీలత. "గిట్ల ఎక్కుడు దిగుడు ఉంటనే ఉంటది."

చివరికి ఓ పొద్దున ఉదయశ్రీ వేళ్లు పైమెట్టు తాకాయి. డాక్టరు చూసి మత్తూ గిత్తూ ఏమీ అక్కర్లేదు, ఇంట్లో వ్యాయామం మానకపోతే చాలన్నాడు.

గెలిచిన ఊపులో నోరు జారింది.

"ఏమనుకోవద్దు సార్. మీకు పట్టుదల లేదు. ఇన్నాళ్లొచ్చి ఏం లాభం? ఒట్టి బద్ధకం!"

"నిజమేనండి," అన్నాడాయన నవ్వుతూనే.

మర్నాడు అద్దం ముందు తన జడ తనే అల్లుకుంటుంటే ఉదయశ్రీకి మనసు పీకింది. ఎంత మాటనేసింది! ఆయన కవ్వించి ఉండకపోతే మొదటిరోజే పారిపోయి ఉండేది కదా. ఆ ఆదివారం స్వీటు డబ్బా పట్టుకుని వెళ్లింది.

"ఆయన లేరు మేడం," అంది శ్రీలత. "మొన్ననే ఇల్లు ఖాళీ చేసి కాకినాడ పోయిండ్రు. ఇగ రారు."

"అయ్యో! అక్కడైనా వ్యాయామం మానొద్దని ఫోన్ చేసి చెప్పు శ్రీలతా. పాపం, ఆ చెయ్యి ఎప్పటికి లేస్తుందో ఏమో."

శ్రీలత తెల్లబోయి చూసింది.

"ఆయన భుజం నిరుడే ఈడనే నయమైంది మేడం. ఆ పొద్దు వదులైన గా నిచ్చెనను గోడకు మళ్ల బిగియ్యనీకి వచ్చి, మీరు ఇగ రానని ఏడ్సుకుంట పోతుంటే చూసి ఆగిండ్రంతే."