అత్తగారి కిటికీ

"కిటికీ బిగించడం నా పని కాదమ్మా," అన్నాడు తాపీమేస్త్రీ, వరండాలో గోడకు ఆనించిన కిటికీ వంక పరాయివాళ్ళ పిల్లాణ్ణి చూసినట్టు చూస్తూ. "గోడ కట్టి, ఖాళీ వదలడం వరకే నేను. చట్రం వడ్రంగి చూసుకోవాలి."

"చెక్కదైతే చూసుకుందును," అన్నాడు వడ్రంగి. "ఇది అల్యూమినియం. అద్దాలాయన్నే అడగండి."

అద్దాలాయన రెండు చేతులూ ఎత్తేశాడు. "నేను తయారుచేసి ఇచ్చేవాణ్ణి మేడం. గోడ జోలికి పోను. అది మేస్త్రీదే!"

ఇల్లు కట్టించుకుంటున్న కోడలికి తల గిర్రున తిరిగింది. ఇంత ఇల్లు కట్టినవాళ్ళున్నారు, ఒక్క కిటికీ పెట్టేవాడు లేడా? తెల్లారితే అద్దె ఇల్లు ఖాళీ చేయాలి. మోకాళ్ళు పట్టేసి నాలుగడుగులు వేయడమే కష్టమైన అత్తగారు కొత్త ఇంట్లో కోరుకున్నది ఒక్కటే. తన గదికి, పక్క సందులో వచ్చేపోయేవాళ్ళు కనిపించేలా కిటికీ. అది చూద్దామనే ఆవిడ ఇవాళ కారెక్కి వచ్చి, గేటు దగ్గర అందులోనే కూర్చుంది.

"ఏమే, నా కిటికీ పెట్టారా?" కారులోంచి కేక.

"పెడుతున్నారత్తయ్యా!"

"పెట్టకపోతే ఇప్పుడే చెప్పు. ఇటునుంచి ఇటే కూతురింటికి పోతా. ఆ చీకటి కొట్లో ఉండటం నా వల్ల కాదు!"

ఆవిడ అన్నంత పనీ చేసే మనిషి. ఆవిడ లేకపోతే ఇంత ఇల్లు కట్టి మాత్రం ఏం సుఖం? కోడలికి ఏడుపొక్కటే తక్కువ.

"అసలు కిటికీ ఎవరి పని? అది చెప్పి పుణ్యం కట్టుకోండి!"

మూడు వేళ్ళు మూడు వైపులు చూపించాయి.

"అయితే నేనే బిగించుకుంటా!" అని కోడలు కొంగు బిగించి చట్రం ఎత్తబోయింది. చట్రం కదల్లేదు గానీ ముగ్గురికీ సిగ్గేసినట్టుంది.

"అయ్యయ్యో, మీరెందుకమ్మా? చుట్టూ సిమెంటు నేను పూస్తా," అన్నాడు మేస్త్రీ.

"మరలు నేను బిగిస్తాలే," అన్నాడు వడ్రంగి.

"అద్దాలు నావి," అన్నాడు అద్దాలాయన.

హమ్మయ్య అనుకుంది కోడలు. "అత్తయ్యా, ఇదిగో అయిపోతోంది!" అని అరిచి, వాళ్ళు కిటికీ మోసుకొస్తుంటే ముందు నడిచి వెనక ఉన్న అత్తగారి గదిలో లైటు వేసింది.

నాలుగు వైపులా నున్నటి లేతాకుపచ్చ గోడలు.

గది మారిందేమోనని బయటికి వెళ్ళి, మళ్ళీ లోపలికి వచ్చింది. అదే గది. పోయిన వారం ఇక్కడే నిలబడి కదా సందులోకి తొంగి చూసింది! కిటికీ మోస్తున్న ముగ్గురూ నోళ్ళు తెరిచి ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

వెనకాలే వచ్చిన పెయింటర్ బ్రష్షు తుడుచుకుంటూ సంబరంగా నవ్వాడు.

"ఆ కన్నం కోసమా మేడం? ఎవరిదయ్యా ఇది అని మొన్న ముగ్గుర్నీ అడిగాను. నాది కాదంటే నాది కాదన్నారు. ఇంక మీకెందుకు తలనొప్పని, నేనే ఇటుకలు పెట్టి పూడ్చేసి, రంగు కూడా వేసేశాను!"