జనాభా సున్నా

“నేను అప్రూవ్ కొట్టను సార్.”

ప్రశాంతి మౌస్ మీంచి చెయ్యి తీసేసి, చేతులు కట్టుకుని కూర్చుంది. కోకాపేటలో ఇరవై రెండో అంతస్తు. ఆ ఆఫీసు వాళ్ళ పని ప్రపంచ పటాన్ని శుభ్రం చేయడం. ఫ్రాన్సు కంపెనీ ఒకటి ఊళ్ళ జాబితాలు పంపుతుంది. ఇప్పుడు లేని ఊళ్ళని వాటిలోంచి ఏరి తీసేయాలి. ఒకరు తీసేయమని రాస్తే, ఇంకొకరు అప్రూవ్ కొట్టాలి. అప్పుడే ఊరు పటంలోంచి పోతుంది. ఎదుటి సీట్లోని జశ్వంత్ తీసేయమని రాసేశాడు. కొట్టాల్సింది ప్రశాంతి.

టీమ్ లీడ్ రవికిరణ్ ఆమె కుర్చీ దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

“ప్రశాంతి గారూ,” అన్నాడు. ఆయనకి కోపం వచ్చినకొద్దీ గౌరవం పెరుగుతుంది. “ఐదున్నరకి బ్యాచ్ వెళ్ళిపోవాలండి. అన్నీ అయిపోయాయి, ఫ్రాన్సులో ఊరు, ఒక్క ఆ వాల్‌మొరే దగ్గర ఆగాం. ఏంటండీ దాని సంగతి?”

“అది ఊరు సార్. ఊరిని తీసెయ్యమంటే ఎట్ల?”

“జనాభా ఎంత?”

“సున్నా.”

“ఇళ్ళు?”

“లేవు.”

“బడి, కొట్టు, బస్టాపు?”

“ఏం లేవు సార్.”

“మరి రూలేంటండీ? జనాభా సున్నా అయితే తీసెయ్యడమే. రూలు నేను పెట్టలేదు కదా!”

చుట్టుపక్కల కీబోర్డుల చప్పుడు ఆగిపోయింది. పనితో ఊపిరాడటం లేదని పొద్దున్నించీ మూలిగిన వాళ్ళందరికీ తగువు చూడ్డానికి మాత్రం తీరిక దొరికింది.

ప్రశాంతి స్క్రీన్ ఆయన వైపు తిప్పి, మళ్ళీ చేతులు కట్టుకుంది.

“జర ఇది చూడండి సార్. కొండ వాలు మీద ఊరు, కింద వాగు. గోధుమలు పండించుకొని బతికేటోళ్ళు. నూరేండ్ల కింద పెద్ద యుద్ధం వచ్చింది. పది నెలలు బాంబులు పడ్డయి. ఒక్క గోడ మిగల్లే. యుద్ధం ఒడిసినంక జనం తిరిగొస్తమన్నరు. భూమి నిండ పేలని బాంబులు, విషం. సర్కారు నాగలి పెట్టనియ్యలే.”

“నేనూ అదే కదండీ అంటున్నది. ఊరు పోయింది.”

“పోలే సార్. పంచాయతీ రద్దు కాలే. ఇయ్యాల్టికీ దానికి సర్పంచ్ ఉన్నడు. ఓటేసేటోళ్ళు లేరని సర్కారే పెడ్తది. రొట్టెల భట్టీ ఉన్న కాడ ఓ రాయి, కమ్మరి కొలిమి ఉన్న కాడ ఓ రాయి పాతి పేర్లు చెక్కిండ్రు. ఏటా ఓ దినం ఆడికొచ్చి నిలబడ్తరు. మనిషి లేకున్నా ఊరున్నదని వాళ్ళే అంటుంటే, లేదనేటందుకు మనమెవరం?”

“వాళ్ళిచ్చిన పని చేసుకునేవాళ్ళం. ఏం, మీ అమ్మమ్మగారి ఊరా అది?”

ఎవరో కిసుక్కున నవ్వారు. ప్రశాంతి నవ్వలేదు.

రవికిరణ్ వాచీ చూసుకున్నాడు. నీళ్ళ సీసా పట్టుకుని లేచిన జశ్వంత్ మీద అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు విరుచుకుపడ్డాడు. “నీళ్ళు తాగడానికి ఇప్పుడే తీరిక దొరికిందా అండీ మీకు?” జశ్వంత్ దాహం మింగి కూర్చున్నాడు.

“ఈ నెలలోనే రేటింగులండి,” అన్నాడు రవికిరణ్ గొంతు తగ్గించి. “ప్రాజెక్టులోంచి తీసేస్తే రెండు నెలలు ఖాళీగా కూర్చోబెడతారు. ఆ తర్వాత ఇంటికి పంపిస్తారు. తెలుసు కదా?”

“తెల్సు సార్.”

“మరి?”

“నన్ను తీసెయ్యండి. ఊరిని మాత్రం నేను తీసెయ్య.”

ఆ మాట అంటున్నప్పుడు ఆమెకి భయం వేసింది, నిజమే. ఈ ఉద్యోగం కోసం ఆమె ఎన్ని ఆఫీసుల మెట్లెక్కిందో ఆమెకే తెలుసు. అయినా కట్టుకున్న చేతులు విప్పలేదు.

“అంత తొందరుంటే మీరే కొట్టొచ్చు సార్,” అంది. “మీ ఐడీ తోటి కూడ అయితది. అప్రూవ్ చేసింది ఎవరంటే మీ పేరు పడ్తది, గంతే.”

రవికిరణ్ చెయ్యి మౌస్ దాకా వెళ్ళింది. అక్కడ ఆగింది. రేపు ఫ్రాన్సు నుంచి ఏ సర్పంచో ఉత్తరం రాస్తే? పిల్లి మెడలో గంట కట్టమని పదిమందికి చెప్పినవాడే, తన వంతు వచ్చేసరికి చెయ్యి వెనక్కి తీసుకుని జేబులో పెట్టుకున్నాడు.

ఇక లాభం లేదని పక్క కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఆమె పాత పనంతా తెరిచాడు.

“రెండేళ్ళలో మీరు అప్రూవ్ కొట్టిన ఊళ్ళు చూడండి. ఎంత కిందకి జరిపినా తరగడం లేదు. ఒక్కదానికీ నోరు మెదపలేదు. ఇవాళే ఏమొచ్చిందండీ మీకు?”

“అన్నిటికన్న కిందికి పోండి సార్. మొట్టమొదటిది. నేను చేరిన వారంల మీరే పక్కన నిలబడి కొట్టించిండ్రు. కొత్త కొలువు, భయానికి కొట్టిన.”

ఆయన జరుపుకుంటూ వెళ్ళి, అట్టడుగున ఆగి, పైకే చదివాడు. “చౌటగూడెం. గోపన్‌పల్లి దగ్గర. నగరంలో కలిసిపోయినందున ఊరి పేరు మీద జనాభా సున్నా. అప్రూవ్ చేసినవారు, ప్రశాంతి.” తలెత్తాడు. “అయితే ఏంటండీ? రూలు ప్రకారమే కదా చేశారు. సున్నా అంటే సున్నాయే.”

ప్రశాంతి చేతులు విప్పింది.

“ఆ సున్నాల నేనున్న సార్. ఇయ్యాల పొద్దున గూడ ఆ ఊరి నుంచే డ్యూటీకొచ్చిన.”