ఇంగువ ఎక్కువైన చారు

గుమ్మం పక్కనున్న గొట్టంలోకి ఊదితే గాని ఏ ఇంటి తలుపూ తెరుచుకోని రోజులవి. పొగ తాగినవాళ్లెవరో తలుపే చెప్పేస్తుంది.

"ఊపిరి శుభ్రం," అని తలుపు చెప్పినా వకుళ నమ్మదు. పదహారేళ్ల కూతురు లాస్యకి తిట్లు తప్పిద్దామని, నాయనమ్మే కిటికీలోంచి తల బయటపెట్టి మనవరాలి బదులు ఏడాదిపాటు ఊదింది మరి. మెట్లెక్కుతూ పిల్ల ఆయాసంతో కూలబడ్డాకే సిగరెట్ల గుట్టు బయటపడింది.

మానేశానని లాస్య ఒట్టేసింది. అయినా వకుళ రోజూ దాని చున్నీ వాసన చూస్తూనే ఉంది.

ఆ మధ్యాహ్నం చారన్నం ముద్ద నోట్లో పెట్టుకుని లాస్య మొహం చిట్లించింది.

"ఏంటమ్మా, ఇంత ఇంగువ కుమ్మరించావ్?"

"ఎప్పుడూ వేసేంతే వేశానే."

"మెంతులు కూడా మాడ్చేశావ్."

వకుళ చేతిలో గరిటె ఆగిపోయింది. పొగ తాగిన ఏడాదంతా ఈ పిల్లకి రుచీ వాసనా తెలియలేదు. ఉప్పు మరిచిన పప్పు కూడా మారుమాట లేకుండా తినేసింది.

వకుళ పక్కనే చతికిలబడి కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"కూరకీ ఓ వంక పెట్టవే, తల్లీ."