ఏడుపు నేర్పిన గురువు

"మా సారు గురువుగారిని ఎరిగినవాళ్లు ఇక్కడ ఎవరైనా ఉన్నారా అండి?"

సంతాపసభలో మైకు అందుకుని ఆ ముసలాయన అడిగిన మొదటి మాట అది.

పేరు జగన్నాథరావు. పోయిన హీరోగారికి జీవితమంతా మేకప్ వేసిన మనిషి. మద్రాసులో రైలెక్కి రాజమండ్రి వచ్చాడు.

"ఏ గురువండి?" అన్నాడు అభిమాన సంఘం చంద్రరావు.

"ఏడుపు నేర్పిన గురువు."

ఆ ఏడుపు తెలియనివాళ్లు అక్కడ లేరు. దుఃఖం సీనులో హీరోగారు మొహం చూపించేవారు కాదు. గోడవైపు తిరిగి, పెట్టిన చొక్కా బొత్తామే మళ్లీ మళ్లీ పెట్టుకునేవారు. అంతే, హాలు హాలంతా ముక్కులు చీదేది.

"రామచంద్రపురం మనిషట. కనిపిస్తే నా బదులు దండం పెట్టిరా అన్నారు, ఆఖరి రోజుల్లో. ఆ ఒక్క పనీ మిగిలిపోయిందండి నాకు."

"పద్యనాటకాల కంపెనీ పెద్ద అయ్యుంటాడు," అన్నాడు చంద్రరావు.

"నాటకాలవాళ్లు అంత మెల్లిగా ఏడుస్తారా ఏంటి? పక్క ఊరికి వినపడాలి వాళ్లకి," అంది ముందు వరసలో కూర్చున్న వీరవేణి.

నలుగురూ నవ్వారు. వీరవేణి వెనక్కి తిరిగింది.

"మాష్టారూ, మీరు రామచంద్రపురం కాలేజీలోనే చేశారు కదండి. ఎవరంటారు?"

ఫ్యాను కింద కుర్చీ దొరికిందని తృప్తిగా కూర్చున్న దక్షిణామూర్తి తల అడ్డంగా ఊపారు.

"నాకేం తెలుసమ్మా. కేబుల్లో వస్తే చూడడమే."

"నటులు కారండి. ఒక ఆడకూతురు," అన్నాడు జగన్నాథరావు.

అందరూ అటు తిరిగారు.

"సారు మొదటి సినిమా అప్పుడు. జనం ఏమంటారో విందామని విగ్గూ మీసం తీసేసి రామచంద్రపురంలో బెంచీ టిక్కెట్టుకి వెళ్లారు. ఇంటర్వెల్లో సోడాబండి దగ్గర ఒకావిడ పక్కావిడతో అంటోందట, వీడు ఏడుస్తున్నాడో పన్ను పీకించుకుంటున్నాడో తెలీడం లేదే అని."

"ఆయన ఊరుకున్నారా అండి?"

"దగ్గరికెళ్లి అడిగారు. మరి మగాడు ఎలా ఏడుస్తాడమ్మా అని."

"ఏమందండి?"

"మా తొలి బిడ్డ పుట్టగానే పోయిందండి, అందట. మా ఆయన ఒక్క కన్నీటి చుక్క నాకు చూపించలేదు. గోడవైపు తిరిగి చొక్కా బొత్తాం పెట్టుకుంటూ ఉండిపోయారు. నేను నిద్రపోతున్నాననుకున్నారు పాపం, అందట."



దక్షిణామూర్తి లేచి నిలబడ్డారు. టీవీలో ఆ సీను ఆయన ఎన్నోసార్లు చూశారు. ఒక్కసారీ పోల్చుకోలేదు. ఎవరి వీపు వాళ్లకు కనిపించదు.

"మీకు తెలుసా అండి ఆవిడ?" జగన్నాథరావు గబగబా దగ్గరికి వచ్చాడు.

"సీతారామలక్ష్మి అండి. నిరుడు వెళ్లిపోయింది."

జగన్నాథరావు చేతులు జోడించి, ఎటు తిరిగి మొక్కాలో తెలియక అలాగే నిలబడ్డాడు.

"మీ దండంలో నాదీ ఒకటి కలపండి," అన్నారు దక్షిణామూర్తి. "ఆ రోజు తను నిద్రపోతోందనే అనుకున్నానండి, ఇన్నేళ్లూ."